డాక్స్ రాసేవాళ్లకి డబ్బులిచ్చే ఏర్పాటు: పర్లాకిమిడి డీటీపీ షాపు నుంచి రివ్యూ

5కి 4 చుక్కలు ఇస్తున్నా. ఒకటి ఎందుకు కోసానో మధ్యలో చెప్తా. ముందు అసలు ఇది ఏటో చెప్పాలి, ఎందుకంటే నేను ఈ మాట ఎత్తిన ప్రతిసారీ మావాళ్లు "ఆన్‌లైన్ టైపింగ్ వర్కా, ముందు డిపాజిట్ ఎంత కట్టమన్నారు" అని అడుగుతున్నారు. డిపాజిట్ లేదు, టైపింగ్ వర్కూ కాదు బాబూ. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్లకి హెల్ప్ పేజీలు (వాటినే డాక్యుమెంటేషన్, డాక్స్ అంటారు) రాస్తే డబ్బులిచ్చే ఏర్పాటు.

నాది పర్లాకిమిడిలో చిన్న డీటీపీ షాపు. పెళ్లి కార్డులు, గృహప్రవేశాలు, పెద్దకర్మ కార్డులు, బిల్లు బుక్కులు, ఎలక్షన్లొస్తే ఫ్లెక్సీలు. సగం పని తెలుగులో సగం ఒడియాలో, కొన్ని పెళ్లి కార్డులైతే ఒకవైపు ఒడియా రెండోవైపు తెలుగు, ఎందుకంటే పాతపట్నం ఇక్కణ్ణుంచి ఆటోలో వెళ్లిపోయేంత దూరం, రాష్ట్రం మాత్రం వేరు, సంబంధాలు అటూ ఇటూ కలుస్తూనే ఉంటాయి. పేజ్‌మేకర్‌తో పదిహేనేళ్లు లాగించాను. పాత కంప్యూటర్ కాలిపోయాక కొత్తదాన్లో పేజీలు అమర్చే ఒక ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ (అంటే లోపలి కోడు ఎవరైనా చూడొచ్చు, మార్చొచ్చు) వేసుకున్నా, పేరు వద్దులెండి, తర్వాత కొంచెం తిట్టాల్సి ఉంది. సాఫ్ట్‌వేర్ బానే ఉంది. హెల్ప్ పేజీలే... ఇంగ్లీషుకి నలభై పేజీలున్నాయి, మన లిపుల దగ్గరికొచ్చేసరికి "ఈ భాగం ఇంకా రాయాలి" అని ఒక్క లైను.

నాలుగు రాత్రులు పోయాయండి, "లక్ష్మి"లో "క్ష్మి" సరిగ్గా రావడానికి. పెళ్లి కార్డు అన్నాక చి.ల.సౌ. లక్ష్మి లేకుండా ఉంటాదా, అదేమో క, దాని పక్కన ఒక సున్నా, మళ్లీ ఏదో కొమ్ము, ఇలా విడివిడిగా పడుతోంది. చివరికి తేలిందేటంటే నేను వాడుతున్న పాత ఫాంట్లు అసలు తెలుగు ఫాంట్లే కావు, లోపల ఇంగ్లీషు అక్షరాలే, పైన తెలుగు బొమ్మలు అతికించినవి. యూనికోడ్ ఫాంటు (లోపల కూడా తెలుగు అక్షరాలే ఉన్నది) వేసి, ఆ పేరాకి భాష తెలుగు అని చెప్పి, ఒక సెట్టింగు మారిస్తే అయిపోయింది. అదంతా ఒక కాగితం మీద రాసుకున్నా, మర్చిపోతానని. ఆ కాగితమే వచ్చీరాని ఇంగ్లీషులో టైపు చేసి ఆ ప్రాజెక్టువాళ్లకి పంపితే "ఇంకా రాస్తారా, డాక్యుమెంటేషన్‌కి కొంచెం ఫండ్ పెట్టాం" అన్నారు. అదీ మొదలు.

ఇప్పుడు సర్వీసు గురించి. డబ్బు నడిచేది ఓపెన్ కలెక్టివ్ అనే ప్లాట్‌ఫారం మీద, 2015 నుంచి ఉంది. మనకి అర్థమయ్యేలా చెప్పాలంటే అమ్మవారి పండక్కి చందాలు వసూలు చేసి, అయ్యాక ఎవరెంత ఇచ్చారు, టెంటుకెంత, బ్యాండుకెంత అని రాసి గుడి గోడకి అంటిస్తాం చూడండి, అదే పని. తేడా ఏటంటే ఇక్కడ పండగ జరుగుతుండగానే గోడ మీద లెక్క కనిపిస్తుంది, ఎవరైనా చూడొచ్చు. ప్రాజెక్టుకి సొంతంగా కంపెనీ గానీ బ్యాంకు ఖాతా గానీ అక్కర్లేదు, ఓపెన్ సోర్స్ కలెక్టివ్ అనే అమెరికా సంస్థ తన ఖాతాలో ఆ డబ్బు పెట్టుకుని కాగితాల పని చూస్తుంది, దానికి వచ్చిన విరాళంలో 10 శాతం తీసుకుంటుంది. పది ఎక్కువ కదా అని నాకూ అనిపించింది. తర్వాత మా కుర్రాళ్ల సంఘం పేరు మీద నేరుగా తెప్పించుకుందామా అని ఆడిటర్‌ని అడిగితే ఆయన ఎఫ్‌సీఆర్ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం, అని మొదలెట్టాడు. విదేశీ విరాళం సంఘానికి రావాలంటే ఆ రిజిస్ట్రేషన్ ఉండాలి, 2020 సవరణ తర్వాత దాని ఖాతా ఢిల్లీలో ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలోనే తెరవాలి. పర్లాకిమిడి సంఘానికి ఢిల్లీలో ఖాతా. చేసిన పనికి ఫీజు నా సొంత ఖాతాకి తీసుకోవడం అయితే వేరే లెక్క, అది విరాళం కాదు, రిటర్న్‌లో ఆదాయం కింద చూపించుకోవడమే. పది శాతం నాకు తక్కువే అనిపించింది ఆ రోజు.

పద్ధతి చాలా సింపుల్. పని అయ్యాక ఇన్‌వాయిస్ పెట్టాలి, ఏం చేశావో రెండు ముక్కలు రాయాలి, బ్యాంకు వివరాలివ్వాలి. ప్రాజెక్టు అడ్మిన్ ఒప్పుకోవాలి, తర్వాత డబ్బు పెట్టుకున్న ఆ అమెరికా సంస్థ వాళ్లు చూసి పంపుతారు, వైజ్ అనే డబ్బు పంపే సర్వీసు ద్వారా రూపాయల్లోనే మన ఖాతాలో పడుతుంది. ఖర్చు తిరిగి ఇమ్మని అడిగేదైతే రసీదు ఫొటో పెట్టాలి, చేసిన పనికి ఇన్‌వాయిస్ అయితే రసీదు అక్కర్లేదు.

నేను మొదటి ఆరు పేజీలకి 300 డాలర్లు పెట్టాను, పేజీకి 50 చొప్పున. అది పాసవడానికే చాన్నాళ్లు పట్టింది, ఆ కథ కింద చెప్తా. పాసయ్యాక డబ్బు బయల్దేరింది, రాలేదు. తప్పు నాదే, పాత పాస్‌బుక్ చూసి ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ కొట్టాను, మా బ్యాంకు వేరేదాన్లో కలిసిపోయి ఆ కోడ్ చచ్చిపోయి ఎన్నాళ్లో అయింది. బ్రాంచికి వెళ్తే కౌంటర్లో ఉన్నాయన "విదేశాల నుంచా? మా దగ్గరికి ఏటీ రాలేదు" అని రెండు రోజులు తిప్పాడు, మూడోరోజు ఇంకో మేడమ్ పాస్‌బుక్ మీద కొత్త కోడ్ పెన్నుతో రాసిచ్చింది. తొమ్మిది రోజులకి పడింది, ఇరవై అయిదు వేలకి కొంచెం అటూ ఇటూ. కాబట్టి మొదలెట్టేముందు కొత్త చెక్కుబుక్కు మీదున్న కోడ్ చూసుకోండి, పాత పాస్‌బుక్ మీదది కాదు.

ఇంక ఆ గోడ మీద లెక్క సంగతి. అందరికీ కనిపిస్తుంది అని చెప్పాను కదా, మా బావమరిదికి కూడా కనిపించింది. వాడికి నా పేరు గూగుల్లో కొట్టే అలవాటు ఎందుకుందో నాకు తెలీదు. "బావా, డాలర్లు పడుతున్నాయట, చెప్పనేలేదు" అని ఫోను. మర్నాటికి మా అత్తగారికి తెలిసింది, ఆ ఆదివారానికి పలాసలో ఉన్న మా తోడల్లుడిక్కూడా తెలిసింది. అడ్రసు, ఖాతా నంబరు బయటికి కనిపించవు గానీ పేరూ అంకె కనిపిస్తాయి. పారదర్శకత మంచిదే, అత్తవారింట్లో మాత్రం కాస్త ఇబ్బంది.

ఇప్పుడు కోసిన చుక్క. ఇది ప్లాట్‌ఫారం తప్పు కాదు, మా ప్రాజెక్టు డబ్బు పంచిన తీరు. 1,500 డాలర్లు పోగయ్యాయి, పది శాతం పోను 1,350, మొత్తం "కొత్త పేజీ రాసినందుకు" అని పెట్టారు. ఏటవుతుంది? అందరూ రాసేశారు. రెండు నెలల్లో 22 పేజీలు వచ్చి పడ్డాయి, వాటిని చదివి, సరిచేసి, లోపలికి తీసుకునేవాళ్లు ఇద్దరే, ఇద్దరికీ పైసా లేదు. అప్పటివరకు ఉచితంగా సరదాగా చూసేవాళ్లు, ఇప్పుడు ఎదుటివాడికి పేజీకి 50 డాలర్లు, వాడి తప్పులు ఏరినందుకు మనకి థాంక్యూ. ఒకాయన నెమ్మదిగా మానేశారు. ఏమీ అనలేదు, గొడవ పడలేదు, జవాబివ్వడం తగ్గించి తగ్గించి ఒకరోజు కనిపించలేదు. 22లో 5 పేజీలే బయటికొచ్చాయి, అందులో నాది ఒకటి. పేజీ బయటికొస్తేనే డబ్బు అన్నారు కాబట్టి నా మిగతా అయిదూ ఆ వరసలో నిలబడి ఉన్నాయి, నా ఇన్‌వాయిస్ కూడా. పెళ్లిలో వంటవాళ్లకి డబ్బిచ్చి వడ్డించేవాళ్లని మర్చిపోయినట్టు.

ఇది మా ఒక్క ప్రాజెక్టు జబ్బే అనుకున్నా, కాస్త చదివితే అంతటా ఇదే కథ. ఓపెన్ సోర్స్ కోడు పెట్టుకునే సైటు గిట్‌హబ్ వాళ్లు 2017లో చేసిన సర్వేలో 93 శాతం మంది డాక్యుమెంటేషన్ సగం సగంగానో పాతబడిపోయో ఉంటోంది అన్నారు, పని చేసేవాళ్లలోనే 60 శాతం మంది మేం డాక్స్ జోలికి ఎప్పుడో గానీ పోము, లేదా అసలు పోము అన్నారు. లినక్స్ వాడేవాళ్లందరూ చూసే మ్యాన్ పేజీలు, అంటే దాని హెల్ప్ పేజీలు, ఉన్నాయి కదా, వాటిని చూసుకునే ఆయన ఏళ్ల తరబడి ఉత్తపుణ్యానికి చేసి 2024 సెప్టెంబర్లో స్పాన్సర్ లేకపోతే ఇంక నా వల్ల కాదు అని ఆపేశారు, అప్పుడు గానీ కొన్ని కంపెనీలు కదిలి డబ్బు సర్దలేదు. వెబ్‌సైట్లు చేసే పిల్లలు రోజూ తెరిచే ఎండీఎన్ అనే హెల్ప్ సైటు కూడా అంతే, 2020 ఆగస్టులో దాన్ని నడిపే మొజిల్లాలో దాదాపు 250 మంది ఉద్యోగాలు పోయినప్పుడు అది రాసేవాళ్లలోనూ చాలామంది పోయారు, తర్వాత 2021 జనవరిలో ఓపెన్ వెబ్ డాక్స్ అని పెట్టి గూగుల్, మైక్రోసాఫ్ట్ లాంటివాళ్ల డబ్బుతో రాసేవాళ్లని జీతానికి పెట్టుకున్నారు, అదీ ఈ ఓపెన్ కలెక్టివ్ మీదే.

గూగుల్ వాళ్ల సీజన్ ఆఫ్ డాక్స్ కూడా చూశాను. 2019లో మొదలైంది, మొదటి రెండేళ్లు రాసేవాళ్లకి నేరుగా స్టైపెండ్, 2021 నుంచి పద్ధతి మార్చి ప్రాజెక్టుకే 5,000 నుంచి 15,000 డాలర్ల గ్రాంటు, పక్కనుండి సాయపడే వలంటీర్లకి తలా 500 ఇచ్చేవాళ్లు. ఆ 500 ఉంది చూడండి, అది నాకు నచ్చింది, రాసినవాడికే కాదు చేయి వేసినవాడికీ ఉంది. కానీ ముందు ప్రపోజల్ రాయాల్సి వచ్చేది, ఆఖర్న ఏం సాధించామో కేస్ స్టడీ రాయాల్సి వచ్చేది. మా ప్రాజెక్టులో హెల్ప్ పేజీలు రాసే దిక్కే లేక డబ్బు అడుగుతుంటే ఆ ప్రపోజల్ ఎవడు రాస్తాడు. మన దేశంలో షేర్ల బ్రోకరు జెరోధా వాళ్లు 2024 అక్టోబర్లో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల కోసం పెట్టిన ఫ్లాస్ ఫండ్ ఉంది, ఏడాదికి 10 లక్షల డాలర్లు, మంచి పనే, అయితే ఒక్కో గ్రాంటు 10,000 డాలర్ల నుంచి మొదలు. మాకు కావాల్సింది వెయ్యి. చిన్న అప్పు పుట్టదు పెద్ద అప్పు పుడుతుంది అన్నట్టుంది.

సరే, రెండో విడత. నేనూ ఇంకొకరూ పోట్లాడి మార్పించాం. పేజీకి అదే 50, కానీ రాసినవాళ్లకి 25, చూసి సరిచేసినవాళ్లకి 15, మిగతా 10 ఆ పేజీని తెలీనివాడి చేత చదివించి చేయించినందుకు. ఆ 10 డాలర్లు అంటే మన ఎనిమిది వందల పైచిలుకు, ఇద్దరు మనుషులకి తలా 300, మిగిలింది టీలూ పకోడీలూ. రాసినవాడు పక్కనే కూర్చోవాలి, నోరు మాత్రం తెరవకూడదు, అదీ రూలు. ఆ రూలు పాటించడం పేజీ రాయడం కన్నా కష్టం.

మొదట కూర్చోబెట్టింది మా షాపులో డిజైన్ పని చేసే అమ్మాయిని. మూడేళ్లుగా పని చేస్తోంది, పొద్దుట్నించి సాయంత్రం దాకా గలగలా తెలుగే. తెలుగు పేజీ ప్రింటు తీసి చేతిలో పెట్టా. నవ్వింది. "అన్నా, నాకు తెలుగు చదవడం రాదు కదా, బళ్లో ఒడియాయే." మూడేళ్లండి! తెలుగు కార్డులకి మేటరు నేను కొట్టేవాణ్ని, ఆమె రంగులూ బోర్డర్లూ చూసేది, వాట్సాప్‌లో వాయిస్ మెసేజులే పంపేది, నాకు ఎప్పుడూ అనుమానం రాలేదు. మా వీధిలో చాలామంది పిల్లలది ఇదే పరిస్థితి, మాట తెలుగు అక్షరం ఒడియా. నేను పడీ పడీ తెలుగులో రాసిన పేజీలు ఎవరి కోసమో వాళ్లు చదవలేరు. అక్కడికక్కడ ప్లాను మారిపోయింది, రాత తగ్గించి స్క్రీన్‌షాట్లు పెంచాం, ఎక్కడ నొక్కాలో ఎర్ర గీత, ఒడియాలో రెండు ముక్కలు ఆ అమ్మాయే రాసింది, తెలుగు చదవలేనివాళ్లకి నా గొంతుతోనే రెండు నిమిషాల ఆడియో. 300 రూపాయలకి ఇంత సంగతి బయటపడితే ఇంకేం కావాలి.

రెండోది మా తెలుగు మాస్టారు, రిటైరయ్యారు, వాళ్ల మనవరాలి పెళ్లి కార్డు ప్రూఫుకి వచ్చారు. ఆయనకి తెలుగు కొట్టినపిండి, మౌసంటే భయం. నాలుగో స్టెప్పులో నేను "ఫాంట్ ఇన్‌స్టాల్ చేశాక రీస్టార్ట్ చేయండి" అని రాశాను. ఆయన చదివారు, కళ్లజోడు సర్దుకున్నారు, టేబుల్ కిందకి వంగి స్టెబిలైజర్ స్విచ్చి టక్కున ఆపేశారు. నేను నోరు తెరవకూడదు కదా, తెరిచే లోపే అయిపోయింది. ఆయన మనవరాలి కార్డే, సేవ్ చెయ్యలేదు, గంటన్నర పని గాల్లో కలిసిపోయింది. "నువ్వే కదా బాబూ రాశావు, మళ్లీ మొదలెట్టమని" అన్నారు. నిజమే. ఇప్పుడు ఆ లైను "సాఫ్ట్‌వేర్ మూసేసి మళ్లీ తెరవండి, కంప్యూటర్ ఆపక్కర్లేదు" అని ఉంది, దాని పైన "ముందు మీ పని సేవ్ చేసుకోండి" అని ఇంకోటి. ఆ రెండు లైన్లూ నా అంతట నేను వందేళ్లున్నా రాసేవాణ్ని కాదు.

మాస్టారు 300 తీసుకోలేదు. పైగా క్లాసు పీకారు. ఇది గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు, కొండల మీద సవరల భాష నేర్చుకుని పుస్తకాలు రాస్తే మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇస్తానంది, ఆయన వద్దని, ఆ డబ్బుతో సవరలకి వాళ్ల భాషలో చదువు చెప్పే బడి పెట్టమన్నారు, మీరేమో పేజీకింతని లెక్క కడుతున్నారు అని. నేను కాసేపు ఏం మాట్లాడలేదు, ఆ పేరెత్తితే ఈ ఊళ్లో ఎవడు మాట్లాడతాడు. తర్వాత మెల్లిగా అన్నా, మాస్టారూ, ఆయనే కదా సొంతంగా సవర బళ్లు పెట్టి అక్కడ చెప్పేవాళ్లకి తన జేబులోంచి జీతాలిచ్చారు, తనకి వద్దన్నారు గానీ వాళ్లకి వద్దనలేదు కదా అని. మాస్టారు "ఊఁ" అన్నారు. డబ్బు మాత్రం తీసుకోలేదు, ఒక టీ తాగి, నా పాత పేజీలో "దస్త్రమును భద్రపరచుము" అనే మాట మీద వేలు పెట్టి, "ఇది ఎవడు రాశాడు, ఆయన ఊళ్లో కూర్చుని?" అన్నారు. అది నేను రాసింది కాదు, ఎవరో అనువాదం చేసిన మెనూలోంచి ఎత్తింది, కానీ సిగ్గేసింది. "ఫైల్ సేవ్ చెయ్యండి" అని మార్చేశా. ఇంకో విషయం, ఆయన పేరుతోనే గిడుగు అని ఒక తెలుగు యూనికోడ్ ఫాంటు ఉంది, ఉచితం, పెళ్లి కార్డు హెడ్డింగులకి బాగుంటుంది, మాస్టారి మనవరాలి కార్డు దాంతోనే కొట్టాను.

రసీదుల దగ్గర ఒక చిన్న తమాషా. చదివినవాళ్లకి ఇచ్చిన డబ్బు తిరిగి రావాలంటే ఓచరు కావాలి కదా, తెల్లకాగితం మీద "మూడు వందలు ముట్టినవి" అని సంతకం పెట్టించి ఫొటో తీసి పెట్టాను, ఒకటి తెలుగులో, ఒకటి ఒడియాలో. అడ్మిన్ ఎక్కడో యూరప్‌లో ఉంటారు, రెండు కాగితాల మీద రెండు లిపులు చూసి ఇవి ఒకే ఊరివేనా అని అడిగారు. ఒకే షాపువండీ అన్నాను. కింద ఇంగ్లీషులో అంకె, తేదీ రాసి పంపితే పాసైపోయింది. మీరూ అలాగే చెయ్యండి.

రెండో విడతలో పేజీలు తక్కువే రాశాం, కానీ రాసినవన్నీ బయటికొచ్చాయి, మొదటి విడతలో ఇరుక్కున్నవి కూడా చాలావరకు కదిలాయి, నా అయిదూ వచ్చాయి. ఆ మానేసినాయన మాత్రం తిరిగి రాలేదు, నేను ఒకసారి రాశాను, మర్యాదగా జవాబిచ్చారు, అంతే.

ఎవరికి పనికొస్తుంది అంటే, ఏదో ఒక ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌తో రోజూ కుస్తీ పట్టేవాళ్లకి. కోడింగ్ రాకపోయినా పర్లేదు, నాకూ రాదు. దీంతో ఇల్లు గడుస్తుందనుకుంటే మాత్రం వద్దు, నాకు షాపు అద్దెలో రెండు మూడు నెలలు వచ్చినట్టయింది, అంతకంటే లేదు. డబ్బు పెట్టే ప్రాజెక్టులు ఎవరైనా తెలుగు చదివేవాళ్లుంటే, ఆ చివరి 10 డాలర్లు ముందు పక్కన పెట్టండి, తర్వాతే మిగతావి.

మా బావమరిది కథ చెప్పడం మరిచా. అప్పు అడగడానికే వచ్చాడు, కాసేపు కూర్చోబెట్టి బిల్లు బుక్కు ఎలా చెయ్యాలో చెప్పే హెల్ప్ పేజీ చేతిలో పెట్టాను. రెండో స్టెప్పు దగ్గరే ఆగిపోయి "ఇది మనుషులు రాసిందేనా బావా" అన్నాడు, ఆ మాట కూడా రాసుకున్నా. ఇప్పటికి నాలుగు పేజీలు చదివాడు, నా దగ్గర రొక్కం వద్దన్నాడు, సొంతంగా ఖాతా తెరుచుకుని నాలిగింటికీ కలిపి 14 డాలర్ల ఇన్‌వాయిస్ పెట్టాడు, నిన్న పాసైంది. పొద్దున్నే మా అత్తగారు ఫోను, "వాడి పేరు కూడా అందులో వచ్చిందట కదా, వాడికి పధ్నాలుగే ఎందుకిచ్చారు, మీకు మూడొందలు ఎందుకిచ్చారు?"